కుందూ పెన్నలో కలిసే చోటు: మా జీవరత్నం మేష్టరుగారు

మా జీవరత్నం మేష్టరుగారు ప్రభువు సన్నిధికి చేరారన్న తంతి వచ్చినప్పుడు నేను ప్రార్థన చేస్తున్నాను.

కడపలో మూడు రోజుల సంఘ కూటాలు జరుగుతున్నాయి. రెండో రోజు మధ్యాహ్నపు కూటాన్ని ప్రార్థనతో ముగించమని పెద్దలు నన్ను నిలబెట్టారు. తంతి పట్టుకొచ్చిన కావలిమనిషి, కళ్లు మూసుకొని నిలబడ్డ మమ్మల్ని చూసి, ఆమెన్ అనేదాకా పిలవడం మర్యాద కాదని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. నా ప్రార్థనలు పొడుగైనవని మా ఏడు ఊళ్ల సంఘాల్లో ఎరుగనివారు లేరు. ఆనాడు కొత్తగా ఏర్పడ్డ రాష్ట్రం కోసం, పంటల కోసం, పాలకుల కోసం వేడుకున్నాను. తర్వాత రోగుల వంతు వచ్చింది. జ్వరంతో మంచం మీద ఉన్న మా మేష్టరుగారిని పేరెత్తి చెప్పి, ఆయనను త్వరగా లేవనెత్తమని దేవుణ్ణి అడిగాను. నేను అలా అడుగుతున్న వేళకు గుమ్మం దగ్గరి మనిషి చేతిలోని కాగితంలో ఆయన అప్పటికే లేరు.

"ప్రార్థనలో ఉండారు గదా అని నిలబడితి సామీ," అన్నాడు ఆ కావలిమనిషి తర్వాత. "ఇప్పుడు అయిపోతాది, ఇప్పుడు అయిపోతాది అనుకుంటానే ఉంటి."

అతని తప్పేమీ లేదు. కోవెలకుంట్ల వైపు పోయే ఆఖరి బస్సు అప్పటికి వెళ్లిపోయింది. మరునాడు రెండు బస్సులు మారి నేను ఊరు చేరేసరికి మేష్టరుగారి సమాధి మీద తడిమన్ను ఆరి తెల్లబడింది. ఇరవై రెండేళ్లుగా మా ఊరి సంఘంలో మన్ను పాలైన ప్రతి విశ్వాసికీ ఆఖరి మాటలు చెప్పిన ఉపదేశిని నేను. నన్ను ఈ పనికి ఆయత్తం చేసిన మనిషికి మాత్రం నా మాట అందలేదు. బడిలో పై తరగతి చదివే పిల్ల ఒకతె వాక్యం చదివిందట. పెద్దవాళ్లు ఒక పాట పాడారట. సమాధి దగ్గర పట్టుమని పదిహేనుమంది కూడా లేరట. ఆ సంగతి చెప్పే ముందు ఆయన ఎవరో, ఆయన సైకిలు ఏమిటో ఎరుగని పాఠకులకు చెప్పాలి.

జీవరత్నం మేష్టరుగారు మా ఊరి మిషన్ బడికి ముప్పై ఏళ్లు ప్రధానోపాధ్యాయులు. ప్రధానోపాధ్యాయుడంటే పెద్ద పదవి అనుకోవద్దు. ఆ బడిలో ఉన్నది ఆయన ఒక్కరే. సన్నని మనిషి, పొడుగరి. సైకిలు గొలుసుకు తగలకుండా పంచెను కుడి మడమ దగ్గర నాడాతో కట్టుకునేవారు. బడిలో పాఠం చెప్పేటప్పుడు కూడా ఆ నాడా విప్పేవారు కాదు. ఏ క్షణాన ఎవరు పిలుస్తారో తెలియదు గదా. పెళ్లయిన మూడో ఏట భార్య కాలం చేసింది. పిల్లలు లేరు. పక్కింటి రాహేలమ్మ అనే వితంతువు ఇన్నేళ్లూ ఆయనకు ఇంత రొట్టె కాల్చిపెట్టేది. నేను ఉపదేశిగా ఆ ఊరికి వచ్చినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మొదటి ఆదివారం నా ప్రసంగం గంటన్నర సాగింది. బయటికి వచ్చాక ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "శానా బాగా చెప్పినావప్పా. వచ్చే వారానికి కూడా రొవ్వంత మిగిలించుకో," అన్నారు. అప్పటినుంచి ఆయన నాకు అన్నగారు, గురువు, ఒక్కోసారి ముల్లు.

ఆయన సైకిలు ఇంగ్లాండుకు తిరిగిపోతూ ఒక మిషన్ డాక్టరు దొర వదిలిపోయినది. ఇనుప ఎద్దు వంటిది. మా ఏడు ఊళ్ల సంఘాల్లో చాలాకాలం అదొక్కటే సైకిలు. కుందూ ఏటి పొడుగునా ఉన్న నేలంతా నల్లరేగడి. ఒక వాన పడితే ఆ మన్ను చక్రానికి, మడ్డుగార్డుకు మధ్య మెత్తిన ముద్దలా పేరుకొని బండి అంగుళం కదలదు. అప్పుడు బండిని భుజానికెత్తుకొని నడవడమే. ఒక వానాకాలం సాయంత్రం ఆయన మోకాళ్లలోతు బురదలో సైకిలు మోసుకొస్తుంటే, గట్టు మీద నిలబడిన ఒక రెడ్డిగారు వేళాకోళం చేశారు.

"ఏమి అయివారూ, ఆ బండి నిన్ను మోస్తాదా, నువ్వే దాన్ని మోస్తాండావా?"

"పొద్దున అది మోసింది రెడ్డీ. ఇప్పుడు నా వంతు."

రెడ్డిగారు నవ్వి, పంచె ఎగగట్టుకొని దిగి వచ్చి వెనక చక్రం పట్టుకున్నారు. మాలపల్లెకు పోయే దోవలో ఆ ఇంటి పెద్దమనిషి దిగి నడవడం అదే మొదలని తర్వాత ఊరంతా చెప్పుకున్నారు. మేష్టరుగారు మాత్రం ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

ఒక్క సైకిలు ఉన్నచోట ఆ సైకిలు గలవాడి మీద పడే పని ఒకటుంది. ఎవరైనా చనిపోతే మిగిలిన ఊళ్ల బంధువులకు, సంఘస్థులకు కబురు చేర్చాలి. మట్టి చేసేలోగా అందరూ రావాలి గనుక ఆ కబురు ఆగకూడదు. ముప్పై ఏళ్లు మా ఏడు ఊళ్ల చావు కబుర్లు మోసినది మేష్టరుగారి సైకిలే. ఎంతగానంటే, ఊరి మొదట ఆయన గంట వినబడితే చాలు, ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చి, ఆయన ఇంకా కాలు కింద పెట్టకముందే, "ఎవురయ్యా?" అని అడిగేవారు. ఆయన ఏదో జొన్నలు మర పట్టించుకొని పోతున్నా సరే. మొదట్లో నవ్వేవారు. తర్వాత ఊళ్లు దాటేటప్పుడు గంట కొట్టడం మానేశారు.

ఇక ఆయన సంకల్పించిన ప్రయాణం సంగతి.

కర్నూలు రాజధాని అయిన ఏడు, కోత పండుగనాడు నేను ప్రసంగం చేశాను. పంటలు ఇంటికి వచ్చాక విశ్వాసులు తొలి కంకుల్నీ కాయల్నీ గుడికి తెచ్చి కృతజ్ఞతగా అర్పించే పండుగ అది. ఆనాడు నేను మన కుందూ పోయి పెన్నలో ఎలా కలుస్తుందో, పెన్న సముద్రంలో ఎలా కలుస్తుందో, ఆత్మ దేవునిలో అలా కలవాలని వర్ణించి వర్ణించి చెప్పాను. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. అందరూ పోయాక మేష్టరుగారు బల్ల మీద కూర్చొని అడిగారు:

"ఏమప్పా, కుందూ పెన్నలో కలిసేది నువ్వు చూసినావా?"

"లేదు మేష్టరూ."

"నేనూ చూడలేదు. ముప్పై ఏండ్లుగా పిల్లోళ్లకు చెప్తాండా. నువ్వు పెద్దోళ్లకు చెప్తాండావు. ఇద్దరం చూడలేదు." బల్ల దిగి, "పోయి చూస్తామా? ఒక దినం. పొద్దున పోయి పొద్దు పొయ్యేసరికి చేరుకోవచ్చు," అన్నారు.

ఆ రాత్రి నుంచే పథకం మొదలైంది. బయటివారికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. యాభై మైళ్లు సైకిలు తొక్కితే అయ్యే పని. కాని మా ఏరు సంవత్సరంలో ముక్కాలు భాగం ఇసుక, బండరాళ్లు. నీళ్లున్నప్పుడేమో రేగడి నేల చక్రాన్ని పట్టుకుంటుంది. నీళ్లూ ఉండి, దోవా ఆరి, తుమ్మముళ్లు ఇంకా రాలకుండా ఉండే రోజులు కార్తీకం వెళ్లే వేళకు మూడు వారాలు, మహా అయితే నాలుగు. ఆయన దానిని లెక్కగా సాధించారు. దిగువ ఊళ్లనుంచి కోడళ్లుగా వచ్చిన ఆడవాళ్లను పట్టుకొని, "మీ పుట్టింటికాడ ఏరు మలుపు తిరుగుతాది గదమ్మా, దోవ ఏ పక్కనుండాది?" అని అడిగేవారు. గొర్రెలవాళ్లను అడిగేవారు. బస్సు డ్రైవర్లకు చీటీలు పంపేవారు. కాలువ గేట్లు చూసే లస్కర్లతో స్నేహం చేశారు. కాలువకట్ట మీద సైకిలు పోనివ్వాలంటే వాళ్ల దయ కావాలి. తిరుగు దోవలో సైకిళ్లను పైకి ఎత్తుకునే బస్సు ఏదో కూడా విచారించి పెట్టారు.

ఇదంతా నాలుగు గీతల నోటుపుస్తకంలో బడి దస్తూరీతో రాశారు. నాలుగు గంటలకు బయలుదేరుట. ఆరు గంటలకు ఎర్రమల కొండల మీద తొలి ఎండ పడుట చూచుట. తొమ్మిదికి కొర్ర కోసిన చేలలో కొంగలు. ఫలానా రైతు తోట బావిలో తాగునీరు. పన్నెండుకు రాజోలి ఆనకట్ట. దాని కింద ఒక పంక్తి: ఊరికే కూర్చొనుట, రెండు గంటలు.

సమస్య ఒక్కటే. ఆ మూడు వారాలూ సంఘానికి సంవత్సరం మొత్తంలో ఊపిరాడని రోజులు. ఏడు ఊళ్లలో ఏడు కోత పండుగలు, క్రిస్మసు ముందరి ఆగమన ఆదివారాలు, పాటల సాధన. మొదటి ఏడు నేను నిలబడి మాట్లాడేంత తీరిక కూడా లేదని చెప్పాను. ఆయన సరేనన్నారు. రెండో ఏడు నేను ఒప్పుకున్నాను, కాని నా పద్ధతిలో. ఆ నోటుపుస్తకం అడిగి తీసుకున్నాను. దోవలో ఉన్న ఊళ్లన్నీ గుర్తించి పదకొండు చోట్ల కరపత్రాలు పంచాలని రాశాను. విశ్వాసం వదిలిన రెండు ఇళ్లు దర్శించాలని రాశాను. రాజోలి దగ్గర "ఊరికే కూర్చొనుట" అన్నది కొట్టేసి "బహిరంగ ప్రసంగము" అని రాశాను. ఎర్ర సిరాతో.

ఆయన ఆ పేజీని చాలాసేపు చూశారు.

"ఇది పయనం కాదప్పా. మన దినపు పనే. యాభై మైళ్లు పొడుగు చేసినావు, అంతే."

"వట్టినే తిరిగి రావడానికి ఒక దినం పాడు చేసుకుంటామా మేష్టరూ? రేపు లెక్క అడిగితే దేవునికి ఏం చెప్తాం?"

"దేవుడే ఆరు దినాలు పని చేసి, ఏడో దినం కూర్చొని చూసుకున్నాడు. నీకు ఆయనకన్నా పనులు ఎక్కువుండాయా?"

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. నోటుపుస్తకం మూస్తూ నెమ్మదిగా అన్నారు: "నేను ఏ ఊరికి పోయినా ఏదో ఒకటి మోసుకొనే పోయినా. ఎవురో పోయినారని, ఎవురికో బాగలేదని. ఒక్క దినం నా బండి మీద ఏమీ లేకుండా పోవల్ల. అంతే."

"మనం మోసేది శుభవార్త గదా మేష్టరూ?"

"అదీ మోతేనప్పా," అన్నారు.

ఆ మాట నాకు ఆనాడు కష్టం కలిగించింది. విశ్వాసంలో నాకన్నా లోతైన మనిషి నోట రావలసిన మాట కాదనుకున్నాను. ఆయన తప్ప మరొకరు అంటే మందలించేవాణ్ణి.

అయినా బయలుదేరాం. నేను కూడా అప్పటికి ఒక పాత సైకిలు సంపాదించాను. చుక్కలుండగానే దోవ పట్టాం. తొలి ఎండ ఎర్రమల మీద పడటం ఆయన బండి ఆపి చూశారు. నేను ఆగకుండా ముందుకు పోయి గడ్డమీదిపల్లెలో కరపత్రాలు తీశాను. అది మా సంఘాల్లో రెండో ఊరు, ఇంటినుంచి అయిదు మైళ్లు. అక్కడ మమ్మల్ని చూడగానే బావాబామ్మరుదులిద్దరు, అబ్రహాము, యాకోబు, నన్ను చుట్టుముట్టారు. ముందు ఆదివారమే ఆ ఊళ్లో కోత పండుగ అయింది. బలిపీఠం ముందు ఎవరి గుమ్మడికాయ ఉండాలన్నది తగువు.

"మా కాయ ముందర పెట్టిపోయినాం ఉపదేశయ్యా. తెల్లారేసరికి వెనక్కి పాయె. గుమ్మడికాయకు కాళ్లుండాయా?" అన్నాడు అబ్రహాము.

"నీది పుచ్చుకాయ. దేవుని ముందర పుచ్చుకాయ పెడతారా ఎవురన్నా?" అన్నాడు యాకోబు.

"పుచ్చింది నీ నోరు."

ఒకరు వేరే గుడి కట్టుకుంటామనీ, ఇంకొకరు గుడికే రామనీ, పిల్లల సంబంధం తెంచుకుంటామనీ అంతదాకా పోయింది. ఉపదేశిగా నేను వదిలిపెట్టి పోలేకపోయాను. లోపల కూర్చోబెట్టి, వాక్యం విప్పి, ఒకరి తర్వాత ఒకరితో ప్రార్థన చేయించాను. బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. మేష్టరుగారు ఏటి ఒడ్డున ఒక రాయి మీద కూర్చొని ఉన్నారు. తెచ్చుకున్న రొట్టెలు విప్పలేదు.

"పదండి మేష్టరూ, ఇంకా పొద్దుంది," అన్నాను.

ఆయన సూర్యుణ్ణి చూశారు. "ఉండాది. ఇంటికి పోయే పొద్దుండాది."

తిరుగు దోవలో రెండు మైళ్లు పోయాక, "గుమ్మడికాయ ఎవురిది గెలిచె?" అని అడిగారు.

"రెండూ పక్కపక్కన పెట్టించినాను."

"మంచి పని చేసినావప్పా," అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆయనకు ఎత్తిపొడుపు రాదు.

ఆ తగువు తీర్చినందుకు నేను నేటికీ పశ్చాత్తాపపడను. కాని అది మరునాడు తీర్చినా తీరేది. ఇది గ్రహించడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మూడో ఏడు క్రిస్మసు దాకా వానలు వెలవలేదు. ఈ ఏడు, కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన ఈ నెలలో, దోవ త్వరగా ఆరింది. నేనే ఆయన ఇంటికి వెళ్లి, కడప కూటాలు ముగిసిన తర్వాతి సోమవారం పోదామని చెప్పాను. కరపత్రాలు ఉండవని, దర్శనాలు ఉండవని మాట ఇచ్చాను. ఆయన సైకిలు తలకిందులు చేసి చక్రం తిప్పుతూ, టైరు లోపల వేలితో తడిమి ముల్లు వెతుకుతున్నారు. ఆ రోజంతా సైకిలు పనే చేశారని రాహేలమ్మ తర్వాత చెప్పింది. నేను కడపకు బయలుదేరే ముందురోజు ఆయనకు జ్వరం తగిలింది.

"నేను ఆగిపోనా మేష్టరూ?"

"జ్వరానికి ఇద్దరెందుకప్పా? పోయి రా. సోమవారానికి లేస్తా."

గురువారం పొద్దున ఆయన కన్నుమూశారు. పట్టుమని పదిహేనుమంది కూడా సమాధి దగ్గర లేరని పైన రాశాను. దానికి కారణం వేరే ఏమీ లేదు. మా సంఘాల్లో సైకిళ్లు ఉన్నవి రెండు. ఒకటి ఆయనది, గోడకు ఆనించి ఉంది. రెండోదాని మనిషిని నేను, కడపలో ఉన్నాను. ముప్పై ఏళ్లు అందరి చావులూ ఊరూరా చేర్చిన మనిషి చావును చేర్చేవాళ్లు లేకపోయారు. రాహేలమ్మ ఎవరినో పొరుగూరికి నడిపించి పంపిందట. వాళ్లు తిరిగొచ్చేసరికే పొద్దు వాలింది. ఆమె నన్ను చూసి ఏడవలేదు. "ఎదురు చూసినాం ఉపదేశయ్యా. నువ్వు వస్తావని నిన్న మాపటి బస్సు దాకా చూసినాం," అంది. నేను సమాధి దగ్గరికి నడిచాను.

మరునాడు నేను ఆ పనికి పూనుకున్నాను. సమాధి అయిపోయిన తర్వాత చెప్పే కబురు వ్యర్థమని తెలుసు. అయినా ఆయన చేసినట్టే ఊరూరికీ పోయి, దిగి, ప్రతి ఇంటి ముందూ నిలబడి చెప్పాను. గడ్డమీదిపల్లెలో అబ్రహామూ యాకోబూ ఒకే అరుగు మీద కూర్చొని ఉన్నారు. విని ఇద్దరూ లేచి నిలబడ్డారు. "మాకు అక్షరాలు నేర్పిన అయివారికి మేం మన్ను కూడా వేయకపోతిమే," అని యాకోబు అన్నాడు. ఆ మాటే ఏడు ఊళ్లలోనూ ఏడు విధాలుగా విన్నాను. శనివారం మాపటికి ఆఖరి ఊరు చేరాను. మా సంఘాల్లో అన్నిటికన్నా దక్షిణాన, దిగువన ఉన్నది అది. మరునాడు మా ఊళ్లో కోత పండుగ. రాత్రికి అక్కడే పడుకొని, తెల్లవారుజామున లేచి ఉత్తరానికి తిరిగితే ఆరాధన వేళకు చేరుకోవచ్చు.

తెల్లవారుజామున లేచాను. ఎడ్లబండి మీద మా ఊరి వైపు పోతున్న ఒక విశ్వాసితో, పండుగను పెద్దలే జరుపుకోవాలని, నేను రానని చెప్పి పంపాను. అతను నమ్మలేక రెండుసార్లు అడిగాడు. ఒంట్లో బాగలేదా అన్నాడు. బాగుందని చెప్పి సైకిలు దక్షిణానికి తిప్పాను. ఉపదేశిగా నేను ఆరాధనకు కావాలని రాకపోవడం ఇదే మొదలు. ఇందుకు మా పెద్దలు నన్ను అడిగితే సమాధానం చెప్పుకోగలను. ఈ పత్రికలో రాస్తున్నది అందుకే, దాచడానికి కాదు.

ఆ ఊరు దాటిన కాసేపటికి నాకొక సంగతి తెలిసివచ్చింది. ఇక ముందు మేష్టరుగారిని ఎరిగినవాళ్లు లేరు. ఆయన పోయారని చెప్పవలసిన ఇల్లు ఒక్కటీ లేదు. చావు కబురు మీద బయలుదేరినవాణ్ణి గనుక సంచిలో కరపత్రాలు కూడా పెట్టుకోలేదు. నా బండి మీద ఏమీ లేదు. అటువంటప్పుడు తేలికగా ఉంటుందని ఆయన అనుకొని ఉంటారు. నాకు మాత్రం అంత బరువుగా ఎన్నడూ తొక్కినట్టు లేదు.

ఆయన రాసిన పథకం నాకు కంఠస్థమే. తూర్పున నల్లమల వెనకనుంచి ఎండ లేచి పడమట ఎర్రమల నుదుటి మీద మొదట పడింది. ఆ రాళ్లు కొంచెంసేపు కాల్చిన కుండ రంగులో ఉండి తర్వాత మామూలు రాళ్లయిపోయాయి. కొర్ర కోసిన చేలలో కొంగలు ఉన్నాయి. రైతు తోట బావిలో నీళ్లు తియ్యగానే ఉన్నాయి. ఆయన రాసిన ప్రతి మాటా ఉన్నచోట ఉంది. పన్నెండుకు పావుగంట ముందు రాజోలి ఆనకట్ట చేరాను. నీళ్లు గోడ మీదినుంచి పలచగా, గుడ్డ పరిచినట్టు జారుతున్నాయి.

కాలువకట్ట మీదికి పోనివ్వమని అడగడానికి లస్కరు దగ్గరికి వెళ్లాను. ముసలాయన, తలకు తువాలు చుట్టుకొని గేటు పక్కన కూర్చొని ఉన్నాడు.

"కోవెలకుంట్ల దిక్కునుంచి సైకిలు మింద వచ్చినావా? పొడుగాటి అయివారు ఒకాయన కూడా వస్తాంటాడు. మీవాడేనా?"

ఎప్పుడు వచ్చారని అడిగాను.

"మూడు పర్యాయాలు వచ్చినాడు. ఏడాదికొక తూరి. పోయిన నెల కూడా వచ్చిపాయె. ఇదో, ఆ గోడమింద కూర్చొని రొట్టె తిని మల్లుకొంటాడు. ఇంగా కిందికి పోకూడదా అయివారూ, పెన్న ఎంతదూరముండాది అంటి. దోవ ఎట్లుండాదో చూసేదానికి వచ్చినా, ఆడికి ఇద్దరం పోతాం అనె. ఆ ఇంకొకాయనకు పనులు శానా అంట."

"ఆ ఇంకొకాయనను నేనే," అన్నాను.

ముసలాయన నన్ను పైకీ కిందికీ చూశాడు. "అయితే అయివారు యాడ?"

నేను పొరపడ్డాను. ఇక చెప్పవలసినవాళ్లు లేరనుకున్నాను. చెప్పాను. లస్కరు తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కొంతసేపటికి లేచి, అడగకుండానే కట్ట మీది అడ్డుగొలుసు తీశాడు. నేను ఆ గోడ మీద రెండు గంటలు కూర్చున్నాను. ప్రార్థన చేద్దామనుకున్నాను. ఇరవై రెండేళ్లలో మొదటిసారి దేవుని ముందు మాటలు లేకుండా కూర్చున్నాను. ఆయన కూడా నన్ను ఏ లెక్కా అడగలేదు.

ఈ పత్రిక చదివే సోదరులకు జీవరత్నం మేష్టరుగారి జీవితం గురించి ఇంకా చాలా చెప్పవచ్చు. కలరా వచ్చిన ఏడు ఆయన మందు కోసం నంద్యాలకు పోయి వచ్చిన సంగతి వేరొకరు రాస్తారు. ఆయన దగ్గర చదివినవాళ్లలో ఇద్దరు ముగ్గురు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్లు రాయాలి. బడికి కొత్త ఉపాధ్యాయుణ్ణి పంపుతారు. అతనూ మంచివాడే అయి ఉంటాడు. కాని నా ప్రసంగం విని, అందరూ కళ్లు తుడుచుకొని పోయాక ఆగి, నువ్వు చూసినావా అని అడిగే మనిషిని ఏ సంఘం పంపగలదు? ఇక నేను చూడనిది చూసినట్టు చెప్పినా అడిగేవాళ్లు లేరు. ఈ నష్టం నాకు ఇప్పుడిప్పుడే తెలిసివస్తోంది. పునరుత్థాన దినాన ఆయనను చూస్తానని నా నిశ్చయం. ఆ నిశ్చయం నిజమే. ఈ మధ్యకాలం పొడుగన్నది కూడా నిజమే.

అయిదు గంటల ప్రాంతంలో పెన్న ఒడ్డు చేరాను. ప్రసంగంలో నేను చెప్పినట్టు అక్కడ ఏదీ దేనిలోనూ లీనం కాలేదు. కుందూ నీళ్లు రేగడి కలిసి నల్లగా ఉన్నాయి. పెన్న నీళ్లు ఇసుక మీద పారి తేటగా ఉన్నాయి. కలిసిన తర్వాత కూడా చాలా దూరం ఆ రెండు రంగులూ పక్కపక్కనే పోయాయి. ఒకటైతే ఎక్కడో దిగువన, నా కన్ను ఆననంత దూరంలో అయి ఉండాలి. గొర్రెల మందను నీళ్లకు తోలుకొచ్చిన ఒకాయన, భుజాన కంబళితో, నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"ఎవురప్పా నువ్వు? ఏం పని మింద వచ్చినావు?"

ఈ ప్రశ్న ఏ ఊళ్లో ఎవరు అడిగినా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఆ జవాబుతోనే ఎన్నో చోట్ల ప్రసంగం మొదలుపెట్టాను.

"పనేమీ లేదప్పా. చూసి పోదామని వచ్చినా."

"ఒక్కనివేనా?"

"ఒక్కణ్ణే."

ఆయన కొంచెంసేపు నీళ్ల వైపు చూశాడు. "చూడు మల్ల. పొద్దు పొయ్యేదాకా బాగుంటాది," అని గొర్రెలను నాకు అడ్డం రాకుండా పక్కకు తోలుకున్నాడు.

పొద్దు పోయేదాకా చూశాను. ఒడ్డున రాతి మీద నా పక్కన ఒక మనిషికి సరిపడా చోటు వదిలి కూర్చున్నానని లేచేటప్పుడు గాని నాకు తెలియలేదు.